సుడి విప్పి చూసినవాడి పాపం

ధర్మవ్యాధుడి కథను మా వైపు అందరికంటే ఎక్కువగా వాడుకునేది పురుగుమందు కొట్టేవాళ్లు. భజన మందిరంలో ఎప్పుడో విన్న కథే. కౌశికుడనే బ్రాహ్మణుడు మిథిలకు పోయి, మాంసం అంగట్లో కూర్చున్న వ్యాధుడి దగ్గర ధర్మం నేర్చుకుంటాడు. సేద్యాన్ని మంచి వృత్తి అంటారే, నాగలి కర్రు కింద ఎన్ని జీవాలు నలుగుతున్నాయో ఆలోచించావా అని వ్యాధుడు అతన్ని అడుగుతాడు. అరణ్యపర్వంలో ఉన్న సంగతే. దాన్ని పట్టుకుని మా పక్క కయ్య చిన్నాయన వీపుకు ట్యాంకు తగిలించుకుంటూ, "హింస లేని బతుకే లేదని వ్యాధుడే చెప్పె గదా పండితా, ఇంగ నీకేం బాధ?" అంటాడు. జిల్లా పరిషత్తు హైస్కూల్లో తెలుగు పండిట్‌గా చేసి రిటైరైనవాణ్ణి నేను. నా దగ్గరే కథ విని నా మీదికే తిప్పుతాడాయన.

చిక్కేమంటే, వీళ్లంతా ఆ సంభాషణను సగంలో ఆపేస్తారు. వ్యాధుడు అక్కడితో ఊరుకోలేదు. అహింసను వ్రతంగా పట్టిన యతులు కూడా హింస చేయక తప్పదని ఒప్పుకుంటూనే, యత్నం చేస్తే అది తగ్గుతుందని అంటాడు. పోతుందని అనలేదు, తగ్గుతుందనే అన్నాడు. నాకు ఆ కథ మొత్తంలో పనికొచ్చిన మాట అదొక్కటే. యత్నమంటే ఏం చేయాలో మాత్రం ఆయన విడమరచి చెప్పలేదు. అది చేన్లో తేల్చుకోవాల్సిందే.

మా చేను మైదుకూరు వైపు, కె.సి. కాలువ కింద. తుంగభద్ర మీద సుంకేసుల నుంచి కర్నూలు, నంద్యాల వైపుగా కడప దాకా వచ్చే ఈ కాలువను 1860ల్లో ఒక ఇంగ్లీషు కంపెనీ లాభానికని తవ్వించి నష్టపోయింది. వాళ్ల నష్టమే మా బతుకయింది. నీళ్లు వస్తే వరి, పసుపు. నమ్మకం లేని ఏడు మొక్కజొన్న. కొన్నాళ్లుగా ఒక ఎకరం తీపి మొక్కజొన్న, అందరూ స్వీట్ కార్న్ అనేదే, వేస్తున్నాను. పీచు వచ్చిన 18 నుంచి 20 రోజులకు, గింజ పాల మీద ఉండగానే కోసి అమ్మాలి. మామూలు మొక్కజొన్నలా ఎండబెట్టి కోళ్ల దాణాకు పంపే సరుకు కాదు. ఈ రోజు కోసింది రేపు ఎవరి బిడ్డ నోట్లోకో పోతుంది. అందుకే ఇక్కడ పురుగు గురించిన ప్రశ్న ఇంకొంచెం బరువు.

ఆ పురుగు పేరు కత్తెర పురుగు. అమెరికా ఖండాలది. 2016లో ఆఫ్రికాలో బయటపడింది. 2018 మే నెలలో కర్ణాటకలోని శివమొగ్గలో మొక్కజొన్న మీద మన దేశంలో మొదటిసారి గుర్తించారు. దాని రెక్కల పురుగు గాలి కలిసొస్తే ఒక్క రాత్రిలో 100 కిలోమీటర్లు పోగలదు. బళ్లారి దాటి కర్నూలుకు రావడానికి దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఆ ఏడాదే వచ్చేసింది. మా ఊళ్లో పెద్దవాళ్లు "బ్రహ్మంగారు కాలజ్ఞానంలో చెప్పినాడు" అన్నారు. బ్రహ్మంగారి మఠం మాకు పక్కనే గనక కొత్తదేది వచ్చినా ఆ మాట మొదట పుట్టేది మా దగ్గరే. కరోనాకూ అదే మాట, సెల్‌ఫోన్‌కూ అదే మాట. బనగానపల్లె దగ్గర ఆవులు కాసిన మనిషి ఆయన. చేన్లో పురుగు పడితే ముందు చేయాల్సింది వంగి చూడటమని ఆయనకు మనం చెప్పనక్కర్లేదు.

వంగి చూస్తే ఏం కనబడుతుందో చెబుతాను. పైరు మోకాలి ఎత్తు రాకముందే, లేత ఆకు మీద పచ్చదనం గీకేసి తెల్లటి పొర మిగిలి ఉంటుంది. పిల్ల పురుగుల పని అది. పది రోజులు పోతే ఆకు విప్పుకునే కొద్దీ వరసగా చిల్లులు. సుడిని రెండు వేళ్లతో విడదీస్తే రంపపు పొట్టులా తడిసిన రెట్ట. అది తీస్తే లోపల, తల కిందికి పెట్టుకుని, లద్దె పురుగు. నెత్తిన తెల్లగా తలకిందులుగా తిప్పిన ఇంగ్లీషు వై అక్షరం. తోక వైపు చివరికి ముందు కణుపు మీద నాలుగు నల్ల చుక్కలు, చదరంగా. ఈ రెండు గుర్తులుంటే కత్తెర పురుగే. ఒక సుడిలో ఒక్కటే ఉంటుంది, మహా అయితే రెండు. ఎందుకంటే పెద్దది చిన్నవాటిని తినేస్తుంది. తల్లి ఒక్క చోట పెట్టే గుడ్లు నూరు, నూటయాభై. ఆకుకు అంటుకుని, పైన బూడిదరంగు నూగు కప్పుకుని ఉంటాయి. అన్నీ కలిసి పుట్టి, ఆకులు పంచుకుని, చివరికి ఒకదాన్నొకటి పంచుకుంటాయి. ప్రకృతి అంతా అహింస, మనిషే పాపి అని ఉపన్యాసాలిచ్చే వాళ్లను నేను ఒకసారి సుడి విప్పి చూడమంటాను. అయితే పురుగు తన తోబుట్టువును తింటుంది కాబట్టి నేను దాన్ని ఎట్లా చంపినా చెల్లుతుందనే తర్కం కూడా నిలవదు. దానికి వేరే దారి లేదు. నాకు ఒకటో రెండో ఉన్నాయి.

వ్యవసాయ శాఖ వాళ్లు చెప్పే పద్ధతి ఇది: చేన్లో మూల నుంచి మూలకు వంకరగా నడిచి, అయిదు చోట్ల ఆగి, ఒక్కో చోట పది ఇరవై మొక్కలు విప్పి చూసి లెక్క రాసుకోవాలి. మొలక దశ నుంచి సుడి తొలిదశ వరకు నూటికి 5 మొక్కలు దెబ్బతింటే చర్య తీసుకోవాలి. పైరు ఎదిగాక నూటికి 10, ఇంకా ముదిరాక 20 దాకా ఓర్చుకోవచ్చు. జల్లు వచ్చి పీచు పడ్డాక రసాయనం కొట్టడం దండగ. నాకు ఈ పద్ధతి మొదటిసారి విన్నప్పుడు ఆశ్చర్యం వేసింది. 60 సెంటీమీటర్ల సాళ్లు, 25 సెంటీమీటర్ల ఎడం అయితే ఎకరాకు దాదాపు 27 వేల మొక్కలు. అందులో నూటికి 5 అంటే 1,350. అన్ని మొక్కల్ని పురుగుకు వదిలెయ్, ఆ తర్వాతే చెయ్యెత్తు అని ఏ ధర్మశాస్త్రమూ నాకు ఇంత స్పష్టంగా చెప్పలేదు. కీటక శాస్త్రం చెప్పింది.

ఈ సంగతి చెబితే చిన్నాయన నవ్వాడు. "అది దయ కాదు పండితా, దుడ్ల లెక్క. మందు ఖర్చు కంటే పురుగు తినేది తక్కువైతే వదిలేయమంటాండారు, అంతే." ఆయన మాట అక్షరాలా నిజం. ఆ గీత గీసింది ఆర్థికవేత్త చెయ్యే. పురుగు మీద జాలిపడి ఎవరూ 5 అని రాయలేదు. పది రూపాయలకు మందు దొరికితే ఆ గీత రెండుకు దిగుతుంది. లెక్క వల్ల పుట్టిన దయ దయేనా? చాలా కాలం ఇది నన్ను తొలిచింది. ఇప్పుడు నా సమాధానం ఇది: 5 అనే అంకె లెక్కది, నిజమే. కానీ 5 ఉందో 3 ఉందో తెలియాలంటే చేన్లో దిగాలి, సుడి విప్పాలి, పురుగు మొహం చూడాలి. గట్టు మీద నిలబడి, పక్కవాడు కొట్టాడు కాబట్టి నేనూ కొట్టేవాడికి ఆ పని లేదు. లెక్క కోసం దిగినవాడికి కూడా చూపు వస్తుంది. పుణ్యం కోసం గుడికి పోయినవాడూ, కాళ్లు ఎండకు కాలి నీడ కోసం పోయినవాడూ విగ్రహాన్ని చూడటం మాత్రం చూస్తారు.

జమ్మలమడుగు ప్రాంతంలో పెన్న ఒడ్డున దానవులపాడు అని ఊరుంది. అక్కడ ఇసుకలో పూడిపోయిన జైన ఆలయాన్ని ఇరవయ్యో శతాబ్దం మొదట్లో పురావస్తు శాఖ తవ్వి తీసింది. పదో శతాబ్దపు రాష్ట్రకూట రాజు మూడో ఇంద్రుడు, శాసనాల్లో నిత్యవర్షుడు, శాంతినాథుడి అభిషేకానికి రాతిపీఠం చేయించింది అక్కడే. శ్రీవిజయుడనే దండనాయకుడు సన్యసించి, అన్నపానాలు మాని ప్రాణం విడిచాడని చెప్పే శాసన స్తంభమూ అక్కడిదే. యుద్ధాలు చేసిన చేతులతో చివరికి చీమ మీద కూడా చెయ్యెత్తని వ్రతం పట్టాడు. ఈ ఎర్రనేల, నల్లనేల మధ్య, నాపరాళ్ల మధ్య, అహింసను అంత దూరం తీసుకుపోయిన మనుషులు బతికారంటే మా పిల్లలు నమ్మరు. మా వైపు పేరు ఫ్యాక్షన్‌కే గాని దీనికి రాలేదు.

జైనులు హింసను విడగొట్టి చూశారు. కావాలని చేసేది ఒకటి, వంటా ఇల్లూ నడపడంలో జరిగేది ఒకటి, వృత్తిలో జరిగేది ఒకటి, ఎదిరించడంలో జరిగేది ఒకటి. గృహస్థు మొదటిదాన్ని పూర్తిగా మానాలి, మిగతావాటిని తగ్గించుకోవాలి. గృహస్థు చేయరాదని వాళ్లు చెప్పిన పదిహేను వృత్తుల్లో విషం అమ్మడం ఒకటి. నేలను పగలగొట్టే పని కూడా ఆ జాబితాలోనే ఉంది గనక మా బోటివాళ్లం ఎట్లాగూ తప్పించుకోలేం. కానీ నాకు వాళ్ల దగ్గర నచ్చింది నిషేధాల జాబితా కాదు. సన్యాసికి వాళ్లు పెట్టిన నడక నియమం. ఈర్యా సమితి అంటారు. ముందు నాలుగు మూరల నేలను చూస్తూ, ఏ జీవి మీదా అడుగు పడకుండా నడవాలి. మొక్కజొన్న సాళ్లలో ఆగి ఆగి, వంగి వంగి నడిచే నడకకు దీనికంటే దగ్గరి చుట్టం నాకు ఏ మతంలోనూ కనబడలేదు. వాళ్లు చూసేది కాపాడటానికి, నేను చూసేది చంపాలా వద్దా తేల్చుకోవడానికి. తేడా చిన్నది కాదు. అయినా నడక ఒకటే.

మా జేజి పుట్టిల్లు పత్తికొండ వైపు, వేరుశనక్కాయ సీమ. ఆమెకు జైనం తెలియదు. తొలకరి వాన పడగానే నేలలోంచి ఎర్ర గొంగళి పురుగు తల్లులు లేస్తాయి. రాత్రిపూట గట్ల మీద మంటలు వేస్తే వచ్చి పడతాయి. ఆ తర్వాత పురుగు చేను నుంచి చేనుకు మందలా కదులుతుంది. అడ్డంగా కాలువ తవ్వుతారు. జిల్లేడు కొమ్మలు, అడవి ఆముదం కొమ్మలు అక్కడక్కడా వేస్తే వాటి మీదికి చేరతాయి. చేరినవాటిని ముంతల్లోకి ఎత్తి పూడ్చేస్తారు. జేజి చిన్నప్పుడు ఆ పని చేసింది. "నీ పొట్ట నీది, నా పొట్ట నాది, తప్పు పట్టగాకు" అనుకుంటూ ఎత్తేదంట. అది మంత్రమేమీ కాదు, ఎవరూ నేర్పింది కాదు. చంపేదానితో మాట్లాడి చంపడం. అదే జేజి జాతరలో పొట్టేలు నెత్తురు కలిపిన అన్నాన్ని చేను చుట్టూ "పొలి" అని కేక వేస్తూ చల్లేవాళ్ల వెనక కూడా నడిచింది. పొలి చల్లితే చీడ పట్టదని నమ్మకం. దానవులపాడు శాంతినాథుడూ, పొలి అడిగే పెద్దమ్మా ఒకే నేలలో ఉన్నారు. ఏ ఒక్కరి మాటనో పట్టుకుంటే నా ప్రశ్న తేలిపోయేది, కానీ నేను ఇద్దరికీ మనవణ్ణే.

ఇక మందుల సంగతి. నేను మందే ముట్టనని చెప్పుకునే రకం కాదు. ప్రకృతి సేద్యం చేసేవాళ్లు మా మండలంలో ఉన్నారు. వేపాకు, మిరప, వెల్లుల్లి, గోమూత్రం ఉడికించి అగ్నిఅస్త్రం, బ్రహ్మాస్త్రం అని తయారు చేస్తారు. అస్త్రం అనగానే నాకు సౌప్తికపర్వం గుర్తొస్తుంది. అశ్వత్థామ వదిలిన అస్త్రానికి ఎదురుగా అర్జునుడు తనదీ వదిలాడు. మునులు వచ్చి ఇద్దరినీ వెనక్కి తీసుకోమన్నారు. అర్జునుడు తీసుకోగలిగాడు. అశ్వత్థామకు చేతకాలేదు. అది పోయి ఉత్తర కడుపులో బిడ్డ మీద పడింది. పురుగుమందు అంగట్లో నిలబడ్డప్పుడు నేను అడిగేది ఈ ఒక్క ప్రశ్నే: దీన్ని వదిలాక ఎన్నాళ్లకు వెనక్కి వస్తుంది?

వేపగింజల కషాయం 5 శాతం, లేదా 1500 పీపీఎం వేపమందు లీటరుకు 5 మిల్లీలీటర్లు, గుడ్లు పొదిగే వేళకు కొడితే పనిచేస్తుంది. ఎండకు కొద్ది రోజుల్లోనే విరిగిపోతుంది. రైతులు దాన్ని లోపంగా చెబుతారు. నాకు అదే దాని గుణం. సుడిలో పొడి ఇసుక, లేదా తొమ్మిది పాళ్లు ఇసుకకు ఒక పాలు సున్నం కలిపి చిటికెడు వేస్తే లోపలి పురుగుకు ఒరిపిడి తగిలి చస్తుంది. అది ఆ సుడి దాటి ఎక్కడికీ పోదు. ముదిరిన పురుగుకు విషపు ఎర ఉంది: 10 కిలోల తవుడు, 2 కిలోల బెల్లం, రెండు మూడు లీటర్ల నీళ్లు కలిపి ఒక రోజు పులియబెట్టి, వేయడానికి అరగంట ముందు 100 గ్రాముల థయోడికార్బ్ కలిపి సుడుల్లో వేయాలి. గాలిలోకి లేవదు, కానీ కలిపే చెయ్యి మనిషిది. ఆ పని చేసే కూలామెకు చేతి తొడుగులు ఇవ్వకుండా పురుగు మీద జాలి గురించి మాట్లాడేవాడితో నాకు మాటల్లేవు. మా జిల్లాల్లో ఆ డబ్బాలు పురుగుల్ని మాత్రమే చంపలేదని ఇక్కడ పుట్టినవాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు.

ఇమామెక్టిన్ బెంజోయేట్ కొట్టాల్సి వచ్చిన సందర్భాలున్నాయి, లీటరుకు 0.4 గ్రాములు. అది జపాన్ మట్టిలో దొరికిన ఒక సూక్ష్మజీవి నుంచి పుట్టిన మందుల కుటుంబంలోది. అదే కుటుంబంలోని ఐవర్‌మెక్టిన్ ఆఫ్రికాలో లక్షల మందిని నది ఒడ్డు గుడ్డితనం నుంచి కాపాడింది. దాన్ని కనిపెట్టినవాళ్లకు 2015లో నోబెల్ ఇచ్చారు. రసాయనం అనగానే రాక్షసుడు, ఆకుపసరు అనగానే దేవుడు అని పంచడం నాకు సాధ్యం కావడం లేదు. మట్టిలోంచి వచ్చిందే కదా అని తేలిగ్గా కొట్టడమూ సాధ్యం కావడం లేదు. అది తేనెటీగల్ని కూడా చంపుతుంది. ఉదయం పూట జల్లు మీద పుప్పొడికి తేనెటీగలు వస్తాయి, ఆ పొద్దు అది పట్టుకుని చేన్లోకి పోకూడదు.

అన్నింటికంటే నన్ను ఇబ్బంది పెట్టింది మందు కాదు, లింగాకర్షక బుట్ట. నిఘా కోసం ఎకరాకు నాలుగైదు పెడతారు. ఆడ పురుగు వాసనను పోలిన ఎర ఒకటి అందులో ఉంటుంది. మగ పురుగులు ఆశగా వచ్చి సంచిలో పడి, రెక్కలు కొట్టుకుని చస్తాయి. చుక్క విషం లేదు. ఎవరి చేతికీ ఏమీ అంటదు. శాస్త్రం ప్రకారం ఇంతకంటే శుభ్రమైన పద్ధతి లేదు. పొద్దున్నే సంచి విప్పి లెక్కపెట్టేటప్పుడు మాత్రం, బొటనవేలితో నలిపిన పురుగు దగ్గర లేని ఒక కుచ్చితం ఇందులో ఉందనిపిస్తుంది. నలిపేటప్పుడు నేను శత్రువుగా ఎదురుగా ఉన్నాను. ఇక్కడ దాని కోరికనే దాని మీదికి తోలాను. బుట్టలో ఎన్ని పడ్డాయో చూసుకుని గుడ్ల కోసం వెతికే రోజు తెలుసుకోవచ్చు, ఒక మందు తప్పించుకోవచ్చు. అందుకని బుట్టలు పెడుతూనే ఉన్నాను. కానీ అహింసా సేద్యం అని దానికి పేరు పెడితే ఒప్పుకోను.

కిరాయి హంతకులను పెట్టుకునే పద్ధతి కూడా ఉంది. ట్రైకోగ్రామా, టెలినోమస్ అనే కంటికి ఆనీ ఆనని కందిరీగ జాతి పురుగులను ఎకరాకు 50 వేల చొప్పున వదలమంటారు. అవి కత్తెర పురుగు గుడ్డులో తమ గుడ్డు పెడతాయి. అట్లా పట్టిన గుడ్లు నల్లబడతాయి. అవి తెలియకుండా నలిపితే మన సైన్యాన్ని మనమే నలిపినట్టు. కొన్నిసార్లు ఎవరూ వదలకపోయినా పని జరిగిపోతుంది. వానలు ఆగకుండా పడి చల్లబడ్డ ఏడు, ఆకుల మీద లద్దె పురుగులు బిగుసుకుని చచ్చి, ముందు తెల్లగా, తర్వాత లేతాకుపచ్చ పొడి కప్పుకుని కనబడతాయి. అదొక బూజు రోగం. దాన్ని మొదటిసారి చూసినప్పుడు చిన్నాయన చేతులు జోడించి సాయిబాబాకు దండం పెట్టాడు. నేను పెట్టలేదు గానీ, ఆ వారం మందు కొట్టద్దని ఆయన్ని బతిమాలాను. కొడితే బూజు అంటుకునే పురుగులు కూడా పోతాయి, రోగం పాకడం ఆగిపోతుంది. ఆయన ఆగాడు. దేవుడి పనికి అడ్డు పోకూడదన్న ఆయన లెక్క, నా లెక్క ఆ ఒక్క వారం కలిశాయి.

పంట కోసేశాక ఎండాకాలం దుక్కి ఉంది. కత్తెర పురుగు మట్టిలో రెండు నుంచి ఎనిమిది సెంటీమీటర్ల లోతున ముడుచుకుని ప్యూపాగా ఉంటుంది. లోతుగా దున్నితే పైకి తేలుతాయి. ట్రాక్టరు వెనకాలే కాకులు, గోరింకలు, తెల్లకొంగలు దిగుతాయి. వ్యాధుడు కౌశికుణ్ణి అడిగిన నాగలి కర్రు హింస సరిగ్గా ఇదే. తేడా ఏమంటే ఆయన చెప్పింది తెలియక జరిగేది. ఇది తెలిసి చేసేది, పైగా శాఖవాళ్లు కరపత్రం వేసి మరీ చేయమనేది. తెలిసి చేసినప్పుడు పాపం పెరుగుతుందా, తగ్గుతుందా? పెరుగుతుందనే అందరూ అంటారు. నా మట్టుకు తెలియక లక్ష చంపడం కంటే తెలిసి వెయ్యి చంపడం మేలనిపిస్తుంది. ఆ వెయ్యికి ఎవరైనా అడిగితే నేను జవాబు చెప్పగలను.

అయితే జవాబు చెప్పాల్సింది నేనొక్కణ్ణేనా? మాంసం విషయంలో కోసినవాడికి, అమ్మినవాడికి, వండినవాడికి, తిన్నవాడికి అందరికీ పాపంలో పాలుందని మనువు చెప్పాడు. మొక్కజొన్న కంకి గురించి ఎవరూ చెప్పలేదు. కడప ఏడు రోడ్ల కూడలి దగ్గర కంకి పొర వలిచి, కొసలో ఒక పురుగు కనబడితే కొనేవాడు దాన్ని పామును చూసినట్టు విసిరేస్తాడు. పీచు గుండా దిగిన పురుగు సాధారణంగా కొస దగ్గరే ఉంటుంది. రెండు వేళ్ల మేర కోసేస్తే మిగతా కంకికి ఏమీ కాదు. ఆ రెండు వేళ్లు కోయడానికి ఇష్టం లేని వాడి కోసమే, పీచు దశలో దండగని తెలిసీ, కోతకు వారం ముందు కూడా మందు పడుతోంది. తినేవాడికి పురుగు కనబడకూడదు. మందు ఎట్లాగూ కనబడదు.

ప్రొద్దుటూరు వ్యాపారితో ఇదే చెప్పాను. "సార్, నీ ధర్మం బాగుంది. కొసకు పురుగున్నా పర్వాలేదనే గిరాకీని చూపించు, నీ సరుకంతా నేనే ఎత్తుతా" అన్నాడు. చివరికి ఆయనే చూపించాడు. గింజలు ఒలిచి, ఉడికించి, వెన్న, కారం కలిపి కప్పుల్లో అమ్మే బండి కుర్రాడు. అతనికి కంకి అందంతో పని లేదు, ఎట్లాగూ కత్తితో గింజ కోసేదే. కొస పోయిన కంకులు వేరే గోతంలో కట్టి ఇమ్మన్నాడు. కంకికి రెండు రూపాయలు తగ్గించి ఇస్తున్నాను. ఈసారి ఒక రూపాయే తగ్గిస్తానని చెప్పి చూడాలి.